ఎలుక చెప్పిన నెత్తుటి లెక్క

గాయమైతే నెత్తురు గడ్డకట్టాలి. కానీ ఎక్కడ ఆగాలో కూడా దానికి తెలియాలి. ‘ఇక చాలు’ అని చెప్పే ప్రొటీన్ ఒకటి మన ఒంట్లో ఉంది. అదే లేకపోతే ఏమవుతుందో లోకానికి చూపించింది... పుట్టకముందే ప్రాణం విడిచిన ఓ చిట్టెలుక పిల్ల!

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే కత్తి జారింది. వేలి మీద చిన్న గాటు. బొటబొటా నెత్తురు. ‘అబ్బా’ అంటూ వేలు నోట్లో పెట్టుకోవడమో, పంపు కింద పెట్టడమో, కాస్త పసుపు అద్దడమో చేస్తాం. కాసేపటికి రక్తం ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోతాం.

నెత్తురు ఎందుకు ఆగింది? గడ్డకట్టింది కాబట్టి. సరే... మరి ఆ గడ్డకట్టడం వేలి దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

రాత్రి గిన్నెడు పాలల్లో చెంచాడు మజ్జిగ తోడు వేస్తే తెల్లారేసరికి మొత్తం పేరుకుంటుంది. వేలి దగ్గర మొదలైన ‘తోడు’ కూడా అలాగే నెత్తురంతా పాకిపోవాలి కదా! ఒంట్లో ఉన్న ఐదు లీటర్ల రక్తమూ గట్టిపడిపోవాలి కదా! అలా జరగడంలేదంటే దాన్ని ఎవరో అడ్డుకుంటున్నారన్నమాట. ఆ అడ్డుకునేవాళ్లలో ముఖ్యమైనదాని పేరు యాంటీత్రాంబిన్. కాలేయంలో తయారై, రాత్రీ పగలూ రక్తంలో గస్తీ తిరిగే ప్రొటీన్ అది. దాన్ని తయారుచేసే జన్యువు మనలో ఒకటో నంబరు క్రోమోజోమ్ మీద ఉంది. చిత్రం ఏమిటంటే, చిట్టెలుకలో కూడా ఒకటో నంబరు క్రోమోజోమ్ మీదే ఉంది. దాని పేరు సెర్పిన్‌సీ1. ఈ జన్యువు విలువేమిటో మనిషికి తెలిసింది ఆ ఎలుక ద్వారానే.

బోనులాంటి ప్రొటీన్

రక్తనాళం తెగగానే ముందుగా ప్లేట్‌లెట్లు పరుగున వచ్చి చిల్లు దగ్గర గుంపుగా అతుక్కుంటాయి. అదే సమయంలో రక్తంలో నిద్రపోతున్న ప్రొటీన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుకుంటాయి. ఆ వరసలో చివరికి మేల్కొనేది త్రాంబిన్. అది రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్ అనే పదార్థాన్ని కత్తిరించి ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాలు చేపల వలలా అల్లుకుని, ఎర్రకణాలను బిగించి పట్టుకుంటాయి. అదే మనకు కనిపించే రక్తపు గడ్డ.

త్రాంబిన్ మహా చురుకైనది. పైగా తనను లేపిన ప్రొటీన్లను అదే మళ్లీ ఉసిగొల్పుతుంది. దాంతో ఇంకా ఎక్కువ త్రాంబిన్ పుడుతుంది. దాన్ని గాయం దాటి పోనివ్వకుండా పట్టుకోవడమే యాంటీత్రాంబిన్ పని.

అది పట్టుకునే తీరు చూస్తే ఎలుకల బోను గుర్తొస్తుంది. యాంటీత్రాంబిన్ ఒంటి మీద ఓ చిన్న ఉచ్చు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. త్రాంబిన్‌కు అది ఎర. కత్తిరిద్దామని దాని మీద పడుతుంది. ఎర తెగిన మరుక్షణం బోను టప్పున మూసుకుంటుంది! యాంటీత్రాంబిన్ ఆకారమే మారిపోయి, త్రాంబిన్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి ఈడ్చి, వంకర తిప్పి పనికిరాకుండా చేస్తుంది. అయితే మన ఇళ్లలోని బోనులా దీన్ని మళ్లీ వాడుకోవడం కుదరదు. ఒక్కో యాంటీత్రాంబిన్ ఒక్క శత్రువునే పట్టుకుంటుంది. దాంతోపాటే తానూ అంతమైపోతుంది. అందుకే కాలేయం వీటిని ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేస్తూ ఉండాలి.

కుక్క కాలేయంలో దొరికిన మందు

ఈ కాపలాదారు ఉనికి ఒక్కరోజులో బయటపడలేదు. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి ఉండేవాడు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం ఏదో వెతకమని ఆచార్యుడు విలియం హోవెల్ అతడికి పని అప్పగించాడు. మెక్లీన్ కుక్క కాలేయం నుంచి తీసిన పదార్థాన్ని పరీక్షిస్తుంటే వ్యవహారం తిరగబడింది. అది గడ్డకట్టించడం లేదు సరికదా, గడ్డకట్టకుండా ఆపుతోంది! తనకు యాంటీత్రాంబిన్ దొరికిందని ఆ కుర్రాడు సంబరంగా వెళ్లి చెబితే గురువుగారు నమ్మలేదు. అప్పుడు మెక్లీన్ పిల్లి రక్తం ఉన్న బీకరులో తన పదార్థాన్ని కలిపి, ఇది ఎప్పుడు గడ్డకడుతుందో చెప్పమని ఆయన బల్ల మీద పెట్టి వెళ్లాడట. ఆ రక్తం గడ్డకట్టనేలేదు.

నిజానికి మెక్లీన్‌కు దొరికింది యాంటీత్రాంబిన్ కాదు. హోవెల్ 1918లో ఇలాంటి పదార్థానికే హెపారిన్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో కాలేయాన్ని ‘హెపార్’ అంటారు. నేడు గుండె ఆపరేషన్ల దగ్గర్నుంచి డయాలసిస్ దాకా అన్నిచోట్లా వాడే ఇంజెక్షన్ అదే. కానీ అసలు మలుపు 1939లో వచ్చింది. హెపారిన్ ఒంటరిగా ఏమీ చేయలేదనీ, రక్తంలోని మరో పదార్థం తోడుంటేనే పనిచేస్తుందనీ బ్రింకస్ బృందం చూపించింది. ఆ తోడే యాంటీత్రాంబిన్. హెపారిన్ దాన్ని పట్టుకోగానే బోను వేగం దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది. అంటే మెక్లీన్ మరీ పొరబడలేదన్నమాట. అతడికి దొరికింది కాపలాదారు కాదు, కాపలాదారుకు చురుకు పుట్టించే కొరడా!

నార్వేలో ఓ కుటుంబం

1965లో నార్వే వైద్యుడు ఒలావ్ ఎగెబర్గ్ ఓ కుటుంబం గురించి రాశాడు. ఆ ఇంట్లో తరతరాలుగా కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టేది. పరీక్షిస్తే ఆ కుటుంబంలో జబ్బు ఉన్నవాళ్లకు యాంటీత్రాంబిన్ ఉండాల్సినదాంట్లో దాదాపు సగమే ఉంది. రక్తం అతిగా గడ్డకట్టే గుణం వంశపారంపర్యంగా రావచ్చని అలా తొలిసారి రుజువైంది.

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. యాంటీత్రాంబిన్ జన్యువు ఒక ప్రతి చెడిపోతే సగం ప్రొటీనే తయారవుతుంది. అలాంటివాళ్లు కొన్ని వేల మందిలో ఒకరు ఉంటారు. వాళ్ల పిల్లల్లో ఒక్కొక్కరికీ ఆ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. మనలో చాలా ప్రొటీన్లు సగం ఉన్నా పని గడిచిపోతుంది. దీని విషయంలో మాత్రం సగం చాలదు.

మరి రెండు ప్రతులూ లేకపోతే? అసలు ఏమీ తయారుకాకపోతే? ఆ ప్రశ్నకు మనుషుల్లో సమాధానం వెతకడం కష్టం. ఎందుకంటే అలాంటి మనిషే వైద్యులకు కనిపించలేదు!

నగోయా చిట్టెలుకలు

అక్కడే చిట్టెలుక రంగంలోకి దిగింది. ఎంచుకున్న ఒక్క జన్యువును మాత్రమే పనిచేయకుండా చేసి ఎలుకలను పుట్టించే విద్య 1980ల చివరికి శాస్త్రవేత్తల చేతికొచ్చింది. ఇలాంటివాటిని ‘నాకౌట్’ ఎలుకలు అంటారు. ఈ విద్యకు పునాది వేసిన మారియో కపెకీ, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకు 2007లో నోబెల్ బహుమతి దక్కింది.

జపాన్‌లోని నగోయాలో ఇషిగురో, కొజిమా తదితరుల బృందం యాంటీత్రాంబిన్ జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉన్న ఎలుకలను తయారుచేసింది. అవి మామూలుగానే పెరిగాయి. వాటిని జతకట్టించారు. లెక్క ప్రకారం పిల్లల్లో నాలుగింట ఒకటి రెండు ప్రతులూ లేకుండా పుట్టాలి. ఈనిన ప్రతిసారీ చూశారు. అలాంటి పిల్ల ఒక్కటి కూడా లేదు!

అవి ఏమైనట్టు? గర్భంలోని పిండాలను పరీక్షిస్తే తెలిసింది. చిట్టెలుక గర్భం మోసేది సుమారు ఇరవై రోజులు. రెండు ప్రతులూ లేని పిండాలు పదహారో రోజు దాటేసరికి ఒక్కటీ మిగల్లేదు. 2000లో వెలువడిన వాళ్ల పరిశోధన వ్యాసం చెప్పింది ఇదే: యాంటీత్రాంబిన్ లేకుండా ప్రాణి పుట్టనే పుట్టదు.

ఇంతవరకూ ఊహించిందే. ఊహించనిది మరొకటి కనిపించింది. రక్తాన్ని గడ్డకట్టకుండా ఆపేది లేదు కాబట్టి, ఆ పిండాల్లో అన్నిచోట్లా గడ్డలే ఉండాలి. గుండె కండరంలో, కాలేయంలో ఫైబ్రిన్ నిజంగానే పేరుకుపోయి ఉంది. కానీ పిండాల చర్మం కింద... విపరీతమైన రక్తస్రావం! అతిగా గడ్డకట్టి చావాల్సిన ప్రాణి నెత్తురోడుతూ చచ్చిపోయింది.

రక్తపింజరి చెప్పే సాక్ష్యం

ఇదేం విడ్డూరం అనిపించొచ్చు. కానీ పొలం గట్ల మీద తిరిగే రైతులకు ఈ విడ్డూరం మరో రూపంలో తెలిసిందే. రక్తపింజరి కాటేస్తే మనిషికి చిగుళ్ల నుంచీ, కాటు పడ్డ చోటునుంచీ నెత్తురు కారుతూనే ఉంటుంది. ఆ విషం రక్తాన్ని పలుచన చేసేస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి అందుకు విరుద్ధం. ఆ విషం గడ్డకట్టే ప్రొటీన్లను ఒక్కసారిగా తట్టి లేపుతుంది. ఒళ్లంతా సన్నసన్నని గడ్డలు పుట్టి, ఉన్న ఫైబ్రినోజన్ అంతా వాటికే ఖర్చైపోతుంది. ఇక నిజమైన గాయం దగ్గర గడ్డకట్టడానికి సరుకే ఉండదు. అందుకే పాముకాటు కేసు రాగానే డాక్టర్లు గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి చూస్తారు. అప్పటికీ గడ్డకట్టకపోతే విషం పనిచేస్తోందని అర్థం.

నగోయా ఎలుక పిల్లల్లోనూ ఇదే జరిగిందని పరిశోధకులు భావించారు. ఇక్కడ పాము లేదు, కాపలాదారు లేకపోవడమే విషమైంది. ఎడాపెడా ఖర్చుపెట్టే ఇంట్లో అవసరానికి పైసా మిగలనట్టు, అక్కర్లేని చోట గడ్డకట్టిన నెత్తురు కావాల్సిన చోట గడ్డకట్టలేకపోయింది. గడ్డకట్టడం, కారడం ఎదురుబొదురు జబ్బులు కావనీ, రెండూ ఒకే త్రాసుకు రెండు సిబ్బెలనీ ఆ చిట్టెలుక చెప్పింది.

సగం ఉన్నవాళ్ల సంగతి

మరి ఒక ప్రతి ఉన్న ఎలుకలో? అవి హాయిగా తిరిగేవి. పరిశోధకులు వాటిని కష్టాల్లోకి నెట్టి చూశారు. సూక్ష్మజీవుల విషాన్ని ఎక్కించినప్పుడూ, కదలనివ్వకుండా కట్టడి చేసినప్పుడూ వాటి మూత్రపిండాల్లో ఫైబ్రిన్ పేరుకుంది. మామూలు ఎలుకలు అంత ఇబ్బంది పడలేదు.

మనుషుల కథా ఇంచుమించు ఇంతే. యాంటీత్రాంబిన్ సగమే ఉన్న మనిషి ఏళ్ల తరబడి ఆరోగ్యంగా కనిపించవచ్చు. ఆపరేషన్ తర్వాత మంచం పట్టినప్పుడో, కాలు విరిగి కట్టు వేసుకున్నప్పుడో, గర్భం దాల్చినప్పుడో, కాన్పయిన కొత్తలోనో అసలు పరీక్ష ఎదురవుతుంది. కాలి లోపలి సిరలో గడ్డ పుడుతుంది. అది తెగి కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు. ఇలాంటివారిలో హెపారిన్ కూడా కొన్నిసార్లు అనుకున్నంతగా పనిచేయదు. కొరడా ఉన్నా గుర్రం ఉండాలి కదా!

దీర్ఘకాలం వాడే మాత్రల్లో వార్ఫరిన్ పాతది. 1948లో అమెరికాలో ఎలుకల మందుగా బజారులోకి వచ్చి, 1954లో మనుషుల మందుగా మారింది. ఎలుకకూ మన నెత్తురుకూ ఉన్న చుట్టరికం అలాంటిది! అత్యవసరమైనప్పుడు దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీత్రాంబిన్‌నే నేరుగా ఎక్కిస్తారు. దాన్ని మేక పాలల్లో పండించిన రోజులూ ఉన్నాయి. అమెరికాలోని జీటీసీ బయోథెరప్యూటిక్స్ అనే సంస్థ మనిషి జన్యువును మేకల్లో పెట్టి, వాటి పాల నుంచి ఈ ప్రొటీన్‌ను తీసింది. ఏట్రిన్ అనే ఆ మందుకు 2006లో యూరప్‌లోనూ, 2009లో అమెరికాలోనూ అనుమతి వచ్చింది. జన్యువులు మార్చిన జంతువు నుంచి వచ్చిన మొదటి మందు అదే. తర్వాతి ఏళ్లలో దాని అమ్మకాలు ఆగిపోయాయి.

కాపలాను తగ్గిస్తే...

ఇప్పుడు త్రాసులో రెండో సిబ్బె. హీమోఫీలియా పిల్లలున్న ఇళ్లకు దాని బరువు తెలుసు. గడ్డకట్టడానికి కావాల్సిన ఎనిమిదో ఫ్యాక్టరో, తొమ్మిదో ఫ్యాక్టరో వాళ్ల రక్తంలో ఉండదు. కాస్త పడితే మోకాలు ఉబ్బిపోతుంది. కొన్నిసార్లు పడకపోయినా కీళ్లలో నెత్తురు చేరుతుంది. లేని ఫ్యాక్టర్‌ను వారానికి రెండు మూడుసార్లు నరానికి ఎక్కించడమే దశాబ్దాలపాటు ఉన్న దారి. కొందరిలో శరీరం ఆ ఫ్యాక్టర్‌నే శత్రువనుకుని తిప్పికొడుతుంది. అప్పుడు ఆ దారీ మూసుకుపోతుంది.

ఇక్కడే ఓ తలకిందుల ఆలోచన పుట్టింది. ఒక సిబ్బెలో బరువు తక్కువైతే దాంట్లోనే వేయాలని ఏముంది? రెండో సిబ్బెలోంచి కాస్త తీసినా త్రాసు సరిపోతుంది కదా! ఫ్యాక్టర్ లేనివారిలో కాపలాదారునూ తగ్గిస్తే? ప్రకృతిలోనే దీనికి సూచన ఉంది. తీవ్ర హీమోఫీలియాతోపాటు, రక్తాన్ని ఎక్కువగా గడ్డకట్టించే జన్యులోపం కూడా ఉన్న కొందరిలో రక్తస్రావం తక్కువగా ఉండటం వైద్యులు గమనించారు.

ఈ ఆలోచనను మొదట పరీక్షకు పెట్టినవాటిలో మళ్లీ చిట్టెలుకే ఉంది. ఆల్నైలామ్ సంస్థ పరిశోధకులు కాలేయంలో యాంటీత్రాంబిన్ తయారీని తగ్గించే ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను తయారుచేశారు. జన్యువును అది ముట్టుకోదు. జన్యువు పంపే ఉత్తరాన్ని మాత్రం దారిలో చించేస్తుంది. హీమోఫీలియా ఉన్న ఎలుకలకు దాన్ని ఇస్తే గాయాల దగ్గర నెత్తురు మెరుగ్గా ఆగింది. 2015లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆ మందే ఫిటుసిరాన్. 2023లో ప్రచురితమైన తుది దశ పరీక్షల్లో ఒకదాని వ్యాసానికి మొదటి రచయిత వెల్లూరు సీఎంసీ వైద్యుడు అలోక్ శ్రీవాస్తవ. ఈ మందు తీసుకున్నవారిలో, రక్తం కారినప్పుడు మాత్రమే ఫ్యాక్టర్ తీసుకున్నవారితో పోలిస్తే రక్తస్రావాలు దాదాపు 90 శాతం తగ్గాయి.

అయితే త్రాసుతో ఆట ప్రమాదమేనని మధ్యలోనే తెలిసొచ్చింది. 2017లో పరీక్షల్లో ఉన్న ఓ రోగికి మెదడు సిరలో గడ్డ ఏర్పడింది. దాన్ని మొదట రక్తస్రావమని పొరబడి ఫ్యాక్టర్ ఎక్కించారు. ఆ రోగి చనిపోయాడు. పరీక్షలు కొంతకాలం ఆగిపోయాయి. గడ్డల బెడద వల్ల 2020లో మరోసారి ఆగాయి. పొరపాటు మందులో కాదు, మోతాదులో ఉందని తేలింది. యాంటీత్రాంబిన్‌ను మరీ అడుగంటనివ్వకుండా, మామూలు స్థాయిలో 15 నుంచి 35 శాతం మధ్య నిలిపేలా మోతాదు మార్చారు. రక్తపరీక్ష చేస్తూ మోతాదు సరిచూసుకోవాలన్న షరతుతో, గడ్డల ప్రమాదం గురించి గట్టి హెచ్చరికతో 2025 మార్చిలో అమెరికా ఔషధ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ ఇది. రెండు నెలలకోసారితో మొదలుపెడతారు. అంటే ఏడాదికి ఆరు సూదులతో సరిపోయే అవకాశం ఉంది. వారానికి మూడుసార్లు నరం వెతుక్కునే పిల్లాడికి అదెంత తేడానో ఆ తల్లికే తెలుస్తుంది.

కాపలాదారు అసలు లేకపోతే ప్రాణం పుట్టదు. సగమే ఉంటే గండం పొంచి ఉంటుంది. ఫ్యాక్టర్ లేనివారిలో మాత్రం దాన్ని మూడోవంతుకు తగ్గిస్తే మేలు జరుగుతుంది. ప్రొటీన్ ఒక్కటే. మంచిదా చెడ్డదా అన్నది దానిలో లేదు, ఎదుటి సిబ్బెలో ఏముందన్న దానిలో ఉంది.

ఇంట్లో గమనించాల్సినవి

* ఒక కాలు మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి. ‘బెణికిందేమో’ అని నూనె రాసి గట్టిగా మర్దనా చేయకూడదు.

* హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం... ఇవి అత్యవసర లక్షణాలు. కాన్పయిన కొత్తలో, ఆపరేషన్ తర్వాత మరింత జాగ్రత్తగా ఉండాలి.

* కుటుంబంలో చిన్నవయసులోనే ఎవరికైనా కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో గడ్డలు వచ్చి ఉంటే ఆ సంగతి గర్భిణులు, ఆపరేషన్‌కు వెళ్లేవారు, గర్భనిరోధక మాత్రలు వాడాలనుకునేవారు డాక్టర్‌కు ముందే చెప్పాలి.

* యాంటీత్రాంబిన్ ఎంతుందో రక్తపరీక్షలో తెలుస్తుంది. అయితే గడ్డ కొత్తగా ఏర్పడినప్పుడూ, హెపారిన్ వాడుతున్నప్పుడూ అది తక్కువగా కనిపించవచ్చు. అందుకే పరీక్ష ఎప్పుడు చేయించాలో వైద్యుడే నిర్ణయించాలి.

* గడ్డకట్టకుండా ఇచ్చిన మందులను సొంతంగా మొదలుపెట్టడం, మానేయడం రెండూ ప్రమాదమే.

ఈసారి ఉల్లిపాయలు తరుగుతూ వేలు తెగితే, నెత్తురు ఆగగానే ఒక్క క్షణం ఆలోచించండి. ఆ గాటు దగ్గర గడ్డ కట్టించినవాడు కనిపిస్తాడు. కానీ ఆ గడ్డను వేలు దాటి రానివ్వకుండా అడ్డుకుని, ఆ పనిలోనే అంతమైపోయిన కాపలాదారు మాత్రం కనిపించడు. వాడి విలువ చెప్పడానికి జపాన్‌లో కొన్ని చిట్టెలుక పిల్లలు లోకాన్ని చూడకుండానే వెళ్లిపోయాయి.